తాళ్ళకోడు లాకు లస్కరు

ఆ మనిషి చచ్చిపోయి ఉండాలని కోరుకుంటూ ప్రిస్కిల్లా ఆటో ఎక్కింది.

అతని మీద ఆమెకి కోపం లేదు. అసలు అతని ముఖమే చూడలేదు. అయిదేళ్ళుగా ప్రతి ఉదయం పదిన్నరకి ఆఫీసు ఫోన్లో గొంతు వినడమే. "తాళ్ళకోడు లాకండి. ఆరడుగుల రెండంగుళాలు. రాసుకో తల్లీ." వెనకాల నీళ్ళ హోరు. అంతే, ఫోన్ పెట్టేసేవాడు.

కాలువ మీది లాకు గేట్లు ఎత్తి దించే లస్కరు రోజూ నీటి మట్టం చెప్పాలి. రీడింగు వస్తే మనిషి డ్యూటీలో ఉన్నట్టే. ఆ కాలువల ఆఫీసులో అది పాత పద్ధతి. ప్రిస్కిల్లా రీడింగు పుస్తకంలో రాసుకుని, హాజరు పట్టీలో ఆశీర్వాదం పేరుకెదురుగా 'పి' పెట్టేది.

ఆ ఉదయం దాకా అందులో ఆమెకి తేడా ఏమీ కనిపించలేదు.

పై ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్ళెందరు, వాళ్ళలో ఆడవాళ్ళెందరు, ఏ కులం, ఏ వర్గం, జీతమెంత. పనిచేస్తున్న ప్రతి మనిషి ముఖమూ హాజరు యాప్‌లో ఎక్కాలి. గడువు మర్నాడు పదకొండు గంటలు. లస్కర్లు పదకొండు మంది. ఆడవాళ్ళ గడిలో సున్నా. పదిమంది ఆఫీసుకొచ్చి ఫోటోలు దిగి వెళ్ళారు.

"ఈ పదకొండోవాడు మనిషా, మాయా?" అన్నారు సూపరింటెండెంటు అమ్మిరాజు గారు. మొగల్తూరు మనిషి, నెల కిందటే బదిలీ మీద వచ్చారు.

"రోజూ ఫోన్ చేస్తాడండి."

"ఫోన్లో లోన్లు ఇస్తామనేవాళ్ళు కూడా రోజూ చేస్తారమ్మాయ్. వాళ్ళ మొహాలు నేను చూశానా?" ఆయన పాత ఫైలు ఒకటి ఆమె ముందుకి తోశారు. "వీడి సెలవుల కార్డు చూడు. పదకొండేళ్ళలో ఒక్క సెలవు లేదు. జ్వరం రాలేదా? చుట్టాలింట్లో పెళ్ళి లేదా? క్రిస్మస్ లేదా? ఇంత మంచి ఉద్యోగి బతికుండడం నేనెక్కడా చూళ్ళేదు."

ప్రిస్కిల్లా నవ్వబోయింది. ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించారు.

"కొత్త ఉత్తర్వు చదివావుగా. అయిదేళ్ళు నిండిన ఔట్‌సోర్సింగ్ వాళ్ళతో ఖాళీలు నింపొచ్చు. కాని రిజర్వేషన్ రోస్టరు వరసలో. మనకిప్పుడు వచ్చేది బీసీ-సి పాయింటు, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలది. వంద పోస్టులకి ఒక్కటి. మన ఔట్‌సోర్సింగ్ వాళ్ళలో ఆ వర్గం నువ్వొక్కదానివే. ఇది దాటితే మళ్ళీ నీ వంతు వచ్చేసరికి నేనూ ఉండను, నువ్వూ ఉండవు. వెళ్ళి చూసిరా. వాడు లేడని తేలితే ఖాళీ నీది. పేరుకి లస్కరువి, కూర్చునేది ఈ కుర్చీలోనే."

ప్రిస్కిల్లా ఉద్యోగం ప్రతి ఏడాదీ మార్చి ముప్పై ఒకటిన పోయి, ఏప్రిల్ ఒకటిన మళ్ళీ వచ్చేది. చేతికి పదహారు వేలు. ఆశీర్వాదం జీతం యాభై రెండు వేలు. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఆటో ద్రాక్షారామం దాటి పంట చేల మధ్యకి తిరిగింది. మే నెల ఎండ. కాలువలు కట్టేసి అప్పటికి పన్నెండు రోజులు. గట్టు పక్కన అడుగంతా బీటలు వారిన బురద. చుక్క నీరు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఆ ఉదయం రీడింగు ఎనిమిదడుగులు.

నిన్నా ఎనిమిదే. మొన్నా ఎనిమిదే. కాలువ కట్టేసిన రోజుల్లో ఏటా అతను అదే చెప్పేవాడు. ముసలాయన మట్టం కొలిచే గేజి దగ్గరికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని చెబుతున్నాడనుకుని ఆమె కొట్టేసి సున్నా రాసేది. మరి ఫోన్లో ఆ నీళ్ళ హోరు ఎక్కడిది?

లాకు దగ్గర ఆటో దిగింది. రాతి గోడల మధ్య లోతైన గుంత, రెండు వైపులా ఇనప గేట్లు, వాటిపైన తిప్పే చక్రం. పక్కన పెంకుటి క్వార్టరు. మనుషుల అలికిడి లేదు. చక్రానికి మాత్రం కొత్తగా గ్రీజు రాసి ఉంది.

ఎండిన కాలువలో, లాకుకి కొంచెం దూరంలో, ఎవరో వెదురు కర్రతో బురద పొడుస్తూ నడుస్తున్నారు. ఖాకీ చొక్కా, తలకి తువ్వాలు. నాలుగడుగులు వేయడం, ఆగడం, కర్ర దింపడం, తీయడం.

"ఆశీర్వాదం గారూ!"

ఆ మనిషి తిరిగింది. "ఆయ్, నేనేనండి."

ఆడగొంతు.

దగ్గరికొచ్చాక చూస్తే యాభై ఏళ్ళ మనిషి. పొడుగాటి చేతులు, అరచేతుల్లో కాయలు. చొక్కా జేబు మీద ఆశీర్వాదం అని దారంతో కుట్టి ఉంది. ప్రిస్కిల్లా ఎవరో, ఎందుకొచ్చిందో విన్నాక ఆమె తలకి కట్టిన తువ్వాలు తీసింది.

"నా పేరు పాపాయమ్మండి. ఆయన భార్యని. ఆ పేరుతో నన్నెవరూ పిలవక చాలా కాలమైంది."

"ఆయనేరండి?"

"ఇందులోనే." కర్రతో లాకు గుంత వైపు చూపించింది. "పదకొండేళ్ళ కిందట, ఆగస్టులో. గేటుకి గుర్రపుడెక్క మొక్కలు అడ్డం పడ్డాయి. తీసేసి వస్తా, చక్రం వదలకే అన్నారు. వదల్లేదు. మధ్యాన్నం దాకా పట్టుకునే ఉన్నాను. ఆయన పైకి రాలేదు."

"మరి ఆఫీసులో చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదు? చంద్రరావు గారని అప్పటి గుమస్తా. ఏడ్చుకుంటా పోయాను. శవం దొరక్కపోతే సర్టిఫికెట్టు రాదు పాపాయమ్మా, సర్టిఫికెట్టు లేందే నీకు ఉద్యోగం రాదు, అయినా ఆడోళ్ళని లస్కర్లుగా ఎవరు వేసుకుంటారు అన్నారు. నువ్వు గేటు తిప్పు, ఆయన పేరలాగే ఉంటది, జీతం ఆయన బ్యాంకు కార్డుతో తీసుకో, శవం దొరికాక చూద్దాం అన్నారు. ఆయన మంచికే చెప్పారు తల్లీ. తరవాత రిటైరైపోయారు." కర్ర మట్టి దులిపింది. "కాలవ కట్టేసినప్పుడల్లా వెతుకుతాను. దొరకలేదు."

అతను చచ్చిపోయాడు. ప్రిస్కిల్లా కోరుకున్నదే. ఒక్క వాక్యం రాస్తే చాలు, వందలో ఒక్క పాయింటు తనది. ఈమె మీద దొంగ పేరుతో జీతం తీసుకుందని కేసు పెడతారు. క్వార్టరు ఖాళీ చేయిస్తారు. అది తన తప్పు కాదు.

రుజువు కోసం ఒక ఫోటో కావాలి. ఫోన్ తీసి యాప్ తెరిచింది.

"ఇలా చూడండి."

యాప్ ముఖం గుర్తుపడితే దాని చుట్టూ ఆకుపచ్చ చట్రం గీస్తుంది. పాపాయమ్మ ముఖం చుట్టూ గీసింది. వెంటనే కింద ఎర్రక్షరాలు వచ్చాయి: రెండు ముఖాలు ఉన్నాయి. ఒక్కరే నిలబడండి.

పాపాయమ్మ భుజం పక్కన, ఖాళీగా ఉన్న చోట, ఇంకో చట్రం.

"కొంచెం ఇటు జరగండి." ఆమె క్వార్టరు గోడకి ఆనుకుని నిలబడింది. రెండో చట్రం కూడా జరిగింది. గోడ మీద సున్నం తప్ప ఏమీ లేదు. ప్రిస్కిల్లా కెమెరా అద్దం తుడిచింది. యాప్ మూసి తెరిచింది. చట్రం అక్కడే ఉంది. పాపాయమ్మకంటే జానెడు ఎత్తులో.

"ఏంటమ్మా, అలా అయిపోయావ్? మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దండి. ఒక్క మాట చెప్పండి. రోజూ ఆఫీసుకి ఫోన్ ఎవరు చేస్తున్నారు? మీ తమ్ముడా? మరిదా?"

"ఏం ఫోను?"

"రీడింగు ఫోనండి. పదిన్నరకి. మగగొంతు."

పాపాయమ్మ ఆమెను వింతగా చూసింది. "నా దగ్గర ఫోను లేదమ్మా. అప్పట్లో ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. ఆ రోజు ఆయన జేబులోనే నీళ్ళలోకి పోయింది. నేను మట్టం ఆ పలక మీద రాసి పెడతాను. మీవాళ్ళెవరో వచ్చి చూసుకుంటున్నారనుకున్నాను."

గోడకి నల్లపలక వేలాడుతోంది. ఇవాళ్టి తేదీ, కింద సున్నా.

ప్రిస్కిల్లా లాకు గుంత అంచుకి వెళ్ళి వంగి చూసింది. అడుగున ఎండిన బురద. గేజి రాయి మీద అంకెలు. ఒక అంకె చుట్టూ ఎవరో ఎర్ర రంగు పూశారు.

"అదేంటండి?"

"ఆయన దిగినప్పుడు నీళ్ళక్కడ దాకా ఉన్నాయి. గుర్తుంటదని నేనే పూశాను."

ఎనిమిదడుగులు.

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. మర్నాడు పదింటికి అమ్మిరాజు గారు ఆమె బల్ల దగ్గరికే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఉన్నాడా, పోయాడా?"

"పోయాడండి. పదకొండేళ్ళయింది."

"నేను చెప్పలా!" ఆయన చేతులు రుద్దుకున్నారు. "అయితే పనిచేస్తున్నవాళ్ళు పదిమంది. ఖాళీ ఒకటి. రాసెయ్యమ్మాయ్."

ఫారం తెర మీద ఉంది. పదకొండో వరస. పనిచేస్తున్నవారి పేరు. మగ, ఆడ. ప్రిస్కిల్లా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఈ అయిదేళ్ళూ పి పెట్టిన చెయ్యి అదే. ఎవరికి పెట్టింది? చక్రం తిప్పినదానికి కాదు. నీళ్ళలో ఉన్నవాడికి. ఒక పోస్టులో ఇద్దరు పనిచేశారు. ఒకరికి పేరు లేదు. ఒకరికి ప్రాణం లేదు.

పదిన్నరకి ఫోన్ మోగింది.

"తియ్యవేం?" అన్నారు అమ్మిరాజు గారు.

తీసింది.

"తాళ్ళకోడు లాకండి. ఎనిమిదడుగులు. రాసుకో తల్లీ." వెనకాల నీళ్ళ హోరు.

ఎప్పుడూ పెట్టేసే ఫోన్ ఈసారి పెట్టలేదు. అవతల నీళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి. అతను ఆగి ఉన్నాడు.

"ఆశీర్వాదం గారూ," అంది ప్రిస్కిల్లా. "మీ పేరు తీసేస్తున్నానండి. అక్కడ పాపాయమ్మ గారి పేరు రాస్తున్నాను. ఇక ఆవిడదే డ్యూటీ."

అమ్మిరాజు గారు లేచి నిలబడ్డారు. "ఎవరితో మాట్లాడుతున్నావ్?"

ఫోన్లో చాలాసేపు హోరు. తరవాత ఎక్కడో ఇనప చక్రం తిరిగిన చప్పుడు, గేటు ఎత్తినట్టు.

"ఏడు," అంది గొంతు. "ఆరు. అయిదు." నీళ్ళ హోరు సన్నబడుతోంది. "మూడు. ఒకటి." తరవాత బురద మీద గాలి బుడగ పగిలినట్టు చిన్న శబ్దం. "సున్నా. రాసుకో తల్లీ."

ఫోన్ ఆగిపోయింది.

ప్రిస్కిల్లా పదకొండో వరసలో రాసింది: పాపాయమ్మ, లస్కరు, మహిళ, బీసీ-సి. ఆశీర్వాదం ఎలా పోయాడో, అప్పట్నుంచి పని ఎవరు చేస్తున్నారో, హాజరు తను ఎలా వేసిందో వివరంగా కింద రాసి, కారుణ్య నియామకానికి సిఫారసు జతచేసి, పంపు అన్న బొత్తాం నొక్కింది.

"పిచ్చిదానివా?" అమ్మిరాజు గారి ముఖం పాలిపోయింది. ఆ గొంతు ఆయనకీ వినబడిందేమో, అరవలేదు. "ఆవిడదీ నీ వర్గమే, ఆ పాయింటు ఆవిడకే పోతుంది. నీకు మళ్ళీ రాదు."

"తెలుసండి. పనిచేస్తున్నవాళ్ళ పేరు అడిగారు. పనిచేస్తున్నది ఆవిడ."

సాయంత్రం నాలుగింటికి పాపాయమ్మ ఆఫీసు మెట్లెక్కింది. ఖాకీ చొక్కా నిండా, మోకాళ్ళ దాకా బురద. చేతిలో తువ్వాలు మూట. విప్పితే లోపల పాత బొత్తాల ఫోను.

"పదిన్నరకి లాకు గుంతలో బురద దానంతటదే కుంగిందమ్మా," అంది. "గేటు కింద గాడిలో ఆయన ఉన్నారు. పోలీసులు వచ్చారు. పంచనామా అయ్యాక సర్టిఫికెట్టు ఇస్తామన్నారు."

విచారణ మూడు నెలలు సాగింది. ప్రిస్కిల్లా రెండుసార్లు సంజాయిషీ రాసింది. రెండో చట్రం సంగతి మాత్రం పాపాయమ్మకి ఒక్కదానికే చెప్పింది. నియామకం ఉత్తర్వు వచ్చిన రోజు పాపాయమ్మ ముఖం యాప్‌లో ఎక్కించడానికి తనే తాళ్ళకోడు వెళ్ళింది. కాలువ నిండుగా పారుతోంది. పాపాయమ్మ చక్రం పక్కన నిలబడింది, కొత్త చొక్కాలో. జేబు మీద ఏ పేరూ లేదు.

ఒకే ఒక్క చట్రం. వెంటనే ఎక్కింది.

"అయిపోయిందండి."

పాపాయమ్మ కదల్లేదు. "నా వెనకాల ఇంకెవరూ కనబళ్ళేదా తల్లీ?"

"లేదండి. మీరొక్కరే."

"పోన్లే," అంది పాపాయమ్మ. ఒక్కసారి పక్కకి చూసి, చక్రం మీద చెయ్యి వేసింది.