చివరి తొట్టి నీళ్ళు

"నువ్వు చేసేదేముంది, టీయేగా" అన్నాడు భూషణం, కారు తాళాలు వెతుక్కుంటూ.

పెళ్ళైన నాటి నుంచీ అనంతలక్ష్మి చేసేవన్నీ అలాగే పలుకుతాయి ఆయన నోట్లో. పప్పేగా, బట్టలేగా, పిల్లల పరీక్షలేగా. ఆమె ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిందని అత్తగారు ఎవరికీ చెప్పలేదు గానీ, నాచారం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "మా కోడలు టీ బాగా పెడుతుంది" అని మాత్రం చెప్పేది. రసాయనశాస్త్రం అంతటితో తరించిపోయింది. ఇప్పుడు ఆ టీ కోసమే ఇంటి ఫిల్టరు నీళ్ళ క్యాను కొంగు కప్పుకొని ఆమె ఒళ్ళో కూర్చుంది. వెనక సీట్లో ఉప్పల్‌లో కొన్న పేపరు కప్పులు.

సైంటిస్టుగా రిటైరయ్యాక భూషణం కీసర అవతల ఒక చిన్న ఊళ్ళో మురుగునీళ్ళు శుభ్రం చేసే పని నెత్తినేసుకున్నాడు. ఇళ్ళ మోరీల నీళ్ళు ముందు గుంటలో తేరుకుని, కంకరలో నాటిన మెట్టతామర మొక్కల మధ్య వడకట్టుకుని, చివరి తొట్టిలోకి చేరతాయి. మంచి పనే. ఆయనకి మంచి పని చాలదు, చప్పట్లు కావాలి. ఊరి మీటింగులో "ప్రారంభం రోజు మా ఆవిడ ఈ నీళ్ళతోనే టీ పెడుతుంది" అనేశాడు. ఆవిడని అడగలేదు. నీళ్ళు పరీక్షించిన ల్యాబువాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తింది ఆమే. క్రిములున్నాయి, చెట్లకి పరవాలేదు, నోటికి వద్దన్నారు. ఆమె ఆ మాట చెబితే, "అయితే మన నీళ్ళు పట్టుకెళ్దాం, మరిగాక ఎవడు కనిపెట్టొచ్చాడు" అన్నాడు భూషణం.

మల్లాపూర్ దాటేదాకా ఎవరైనా చూస్తారేమోనని ఆమెకి గుండెదడ. కీసర గుట్ట కనబడేసరికి, ఎవరూ చూడరేమోనన్న దడ పట్టుకుంది.

ఊళ్ళో షామియానా, మైకు, సర్పంచ్ బిక్షపతి తెచ్చిన దండలు. షెడ్డు వెనక తొట్టి పక్కనే స్టవ్ పెట్టారు. సాయానికని వచ్చిన సాలమ్మ గిన్నె కడుగుతూ అంది, "సార్ పుణ్యమాని మా తిప్పలు తీరినయమ్మా. ఎండకాలం బోరు ఎండుతది. మనుమరాలికి డబ్బ పాలు కలుపనీకె నీళ్ళకు ఊరంత తిరుగుత. గీ తొట్టి నీళ్ళు చాయ్‌కి పనికొస్తే, పిల్ల పాలకు గూడ పనికొస్తయ్ గద?"

క్యాను మూత మీద అనంతలక్ష్మి చెయ్యి ఆగిపోయింది.

"వద్దు సాలమ్మా. చెట్లకి పోసుకో. పిల్లకి వద్దు."

"మరి నువ్వు చాయ్ పెడుతున్నవ్?"

కొంగు తీసి క్యాను చూపించింది. "ఇవి మా ఇంటి నీళ్ళు."

సాలమ్మ కడిగిన గిన్నె కింద పెట్టింది. తర్వాత, "గీ ముచ్చట నేను జెప్తే ఎవరింటరు? సార్ మైకుల జెప్తుండు గద" అంది.

నిజమే. మైకులో ఆయన గొంతు, వంటింట్లోంచి ఏళ్ళ తరబడి విన్న గొంతే, ఎదురు జవాబు అక్కర్లేని గొంతు. ధైర్యం వచ్చాక చేద్దామనుకుంటే ఈ జన్మకి కాదనిపించింది. చెంబు తొట్టిలో ముంచింది. ఒక్క కప్పుకే టీ మరిగించింది.

వేదిక మీదికెళ్ళి భూషణం చేతికందించింది. తాగబోతే లాక్కుందామని చెయ్యి దగ్గరే ఉంచుకుంది.

"ముందు మీరు తాగండి" అంది, అందరికీ వినబడేలా.

ఆయన కప్పులోకి చూశాడు. ఆమె మొహంలోకి చూశాడు. రెండో చేతిలో మైకుందన్న సంగతి మర్చిపోయి గుసగుసగా అడిగాడు, "ఏ నీళ్ళే ఇవి? క్యానువా, తొట్టివా?"

ఆ ప్రశ్న షామియానా చివరిదాకా వినబడింది.

అనంతలక్ష్మి ముందు కప్పు తీసుకుంది, తర్వాత మైకు.

"తొట్టివే" అంది. "చెట్లకి చాలా మంచివి."