ఎర్రలైటు వెలుగుతున్నా

“ఆర్పకండి బాబూ, దాన్ని ముట్టుకోకండి. ఆ చివరి లైటు మిణుకుమిణుకుమంటోంది చూశారా, దానికేం జబ్బు లేదు. అది వైఫై లైటు. మీ ఇంట్లో ఎవరో ఏదో చూస్తున్నారు కాబట్టి రెప్పలు వేస్తోంది. మనిషైనా అంతే కదా, రెప్ప వేస్తుంటేనే బతికున్నట్టు.”

ఫోన్లో అవతలి మనిషి అసలు సంగతి బయటపెట్టాడు. ఆ మిణుకుమిణుకు చూసి తన భార్య హడలిపోయిందనీ, పెట్టె పేలిపోతుందేమోనని నిన్న రాత్రి దానిమీద ఇత్తడి గిన్నె బోర్లించిందనీ చెప్పాడు. పొద్దుట్నుంచీ నెట్ నత్తనడక నడుస్తోందట. అందుకే ఫోన్ చేశాడట.

“ముందు ఆ గిన్నె తీసేయండి,” అంది దీపాలక్క. “మూతి మూసేస్తే ఎవరు మాత్రం మాట్లాడతారు?”

గిన్నె తీసిన చప్పుడు వినిపించింది. వెనక ఎవరో ఆడమనిషి అదంతా తనమీదికి నెట్టవద్దని గొణగడం వినిపించింది. దీపాలక్క నవ్వును పెదవుల మధ్యే నొక్కి, ఫోన్ పెట్టేసి, తర్వాతి పిలుపు అందుకుంది.

ఇంటర్నెట్ కంపెనీ తరఫున ఫిర్యాదులు వినే ఆ హాల్లో అందరూ ఆమెను దీపాలక్క అనేవారు. పొట్టి మనిషి. భుజాలు కొద్దిగా ముందుకు వంగి ఉంటాయి. హెడ్‌ఫోను పట్టీ ఏళ్ళ తరబడి ఒకేచోట ఒరుసుకోవడంతో నడినెత్తిన జుట్టు పలచబడి, పాపిటకు అడ్డంగా మరో పాపిట తీసినట్టు కనిపిస్తుంది. గొంతు మాత్రం ఒంటికి సరిపడనంత పెద్దది, కాస్త గరుకుది. ఆ గొంతుకు హాలు కూడా చాలదని పక్క సీటు పిల్ల అంటూ ఉంటుంది. ఆ పిల్ల గబగబా మాట్లాడుతుంది కాబట్టి దానికి పిచ్చుక అని పేరు పెట్టింది దీపాలక్కే.

హాలు పొడుగ్గా, కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది. బయటి ఎండ తెరల మీద పడకుండా కిటికీ అద్దాలకు బూడిదరంగు కాగితం అంటించారు. ఏసీ గాలి ఒకవైపు వాళ్ళను వణికిస్తుంది, రెండోవైపు వాళ్ళకు చెమటలు పట్టిస్తుంది. బల్లకూ బల్లకూ మధ్య గడ్డం ఎత్తు చెక్కలు. వాటి వెనక వరసలు వరసలుగా కూర్చున్నవాళ్ళంతా ఊళ్ళో ఎక్కడెక్కడి ఇళ్ళలోనో బీరువాల మీదా, తలుపుల వెనకా, దేవుడికెరుక ఏ మూలలోనో ఉన్న తెల్లటి పెట్టెల గురించి మాట్లాడుతూ ఉంటారు.

పనిలో చేరిన కొత్తలో ఆమెకు అలాంటి పెట్టె ఒకటి ఇచ్చి, చూసి నేర్చుకోమన్నారు. కొత్త కోడలు అత్తగారి ముఖాన్ని కనిపెట్టుకుని ఉన్నట్టు ఆమె ఆ పెట్టెను కనిపెట్టుకుని కూర్చుంది. మొదటి లైటు కరెంటుది. అది వెలగకపోతే గోడ దగ్గర స్విచ్చు వెయ్యాలి, అంతకుమించి విద్య లేదు. రెండోది లైనుది. బయటినుంచి వచ్చే గాజుతీగలో వెలుగు వస్తుంటే పచ్చగా నిలకడగా ఉంటుంది. ఆ వెలుగు రాకపోతే ఎర్రగా కొట్టుకుంటుంది. మూడోది ఇంటర్నెట్‌ది. చివరిది ఇందాకటి గిన్నె కిందిది. లైను లైటు ఎర్రగా ఉన్నప్పుడు రోగం పెట్టెకు కాదు, దారికి. అప్పుడు పెట్టెను ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా గోడకు వైద్యం చేసినట్టే. ఈ సంగతి ఆ హాల్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళంటూ ఎవరూ లేరు.

ఈ పనికి ముందు ఆమెకు ఏ పనీ లేదు. మొగుడు కాగితాల మిల్లులో పనిచేసేవాడు. ఒకరోజు మిల్లులో ఏదో జరిగిందని ఎవరో చెబితే అత్తాకోడళ్ళిద్దరూ పరుగున వెళ్ళారు. గేటు దగ్గర కాపలావాడు మంచిగానే మాట్లాడాడు. లోపల చూస్తున్నారమ్మా, కాస్త ఆగండి అన్నాడు. బల్ల చూపించాడు. మంచినీళ్ళిచ్చాడు. ఇంకెవరో వచ్చి వాళ్ళూ కాస్త ఆగండి అన్నారు. ఆగి చూడటానికి లోపల ప్రాణం మిగల్లేదని అప్పటికే ఆ గేటు దగ్గర అందరికీ తెలుసు. అత్తకు వాళ్ళ ముఖాలు చూడగానే అర్థమైంది. చేతికర్రతో కాపలావాడిని పక్కకు నెట్టి, గేటు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కోడలు మాత్రం బల్లమీదే మర్యాదగా కూర్చుంది. గ్లాసులో నీళ్ళు కూడా తాగింది. మొగుడు పోయినందుకు ఏడ్చిన ఏడుపు ఎప్పటికో ఆగింది గానీ, ఆ నీళ్ళు తాగినందుకు తనమీద తనకున్న కోపం ఇంతవరకు చల్లారలేదు.

తర్వాత పుట్టింటివాళ్ళు వచ్చి పిలిచారు. వెళ్ళలేదు. ఇప్పటికీ ఆ అత్తాకోడళ్ళు రెండు గదుల ఇంట్లో పాముకూ ముంగిసకూ మల్లే కాపురం చేస్తున్నారు. ఉప్పు తక్కువైందని ఒకరూ, టీవీ గొంతు ఎక్కువైందని ఒకరూ దెప్పుకోని రోజుండదు. ఒకరు లేకుండా రెండోవారు కంచం ముందు కూర్చోరు.

ఆ రోజు మధ్యాహ్నం కావస్తుండగా హాల్లో పిలుపులు ఒక్కసారిగా పెరిగాయి. అన్నీ వంతెన అవతలి పేటల నుంచే. అన్నింటిలోనూ ఒకటే మాట, రెండో లైటు ఎర్రగా కొట్టుకుంటోందని. ఫ్లోరు మేనేజరు అందరినీ ఓ నిమిషం ఆపి నిలబెట్టాడు. ఇంకా మీసం దట్టంగా రాని మనిషి. పాపం మంచివాడే. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే తన బల్ల సొరుగులోంచి మాత్ర తీసిస్తాడు. రోడ్డు తవ్వే యంత్రం పెద్ద తీగను తెంపేసిందనీ, బాగుచేసే మనుషులు మరో చోట ఉన్నారనీ, ఇవాళ వస్తారన్న నమ్మకం లేదనీ చెప్పాడు. అయితే ఆ మాట బయటికి అనవద్దన్నాడు. పైనుంచి వచ్చిన ఆజ్ఞ అది. తీగ తెగిందంటే జనం కనెక్షన్లు మార్చేసుకుంటారట. పెట్టె ఆర్పి, కాసేపాగి, వెలిగించమని చెప్పాలి. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే చెప్పాలి.

“ఎర్రలైటు వెలుగుతున్నా?” అని అడిగింది దీపాలక్క.

“ఎర్రలైటు వెలుగుతున్నా,” అన్నాడు అతను నేలవైపు చూస్తూ.

ఎవరి సీట్లలో వాళ్ళు కూర్చున్నారు. దీపాలక్క కూడా కూర్చుంది. మొదటి పిలుపు పిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మది. దూరాన ఉన్న పిల్లలు తెర ముందు కూర్చుని తనకోసం చూస్తుంటారని ఆమె కంగారుపడుతోంది. దీపాలక్క నోరు తెరిచి, చెప్పమన్నదే చెప్పింది. పంతులమ్మ ఆర్పింది, ఆగింది, వెలిగించింది. ఎర్రగానే ఉందంది. మరోసారి చూద్దామా అని తనే అడిగి, మళ్ళీ ఆర్పింది. చివరకు, మీకు శ్రమ ఇచ్చానండీ, చాలా ఓపికగా చెప్పారు అని దణ్ణం పెట్టినంత వినయంగా అని ఫోన్ పెట్టేసింది.

ఆ మెప్పు దీపాలక్క భరించలేకపోయింది. సీసా ఎత్తి నీళ్ళు తాగబోయి, తాగకుండానే కింద పెట్టింది.

తర్వాతి పిలుపు ఒక ముసలాయనది. ఆయన నమస్కారాలు అవీ ఏమీ లేకుండా మొదలుపెట్టాడు.

“అమ్మా, ఇందాక ఒకమ్మాయి ఆర్పి వెలిగించమంది. వెలిగించాను. మళ్ళీ చేస్తే ఒకబ్బాయి ఎత్తి మళ్ళీ ఆర్పమన్నాడు. ఆ పెట్టె బీరువా మీదుంది. నా కాలికి కట్టుంది. ప్రతిసారీ కుర్చీ ఎక్కాలి. మీరు కూడా ఎక్కమంటారేమో ముందే చెప్పండి, ఊపిరి తీసుకుని ఎక్కుతాను.”

ఆమె ఎక్కమనలేదు. అంత తొందర పనేమిటని అడిగింది. ఆయన మొదట చెప్పనక్కరలేదనుకుని, మళ్ళీ చెప్పాడు. తమ్ముడు వేరే ఊళ్ళో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక లాభం లేదన్నారు. తను ఉండేది మేడమీద, ఈ కాలితో ప్రయాణం చేయలేడు. మధ్యాహ్నం తమ్ముడి ముఖం ముందు ఫోను పట్టుకుంటానని వాడి కూతురు చెప్పింది. తన దగ్గరున్నది బొత్తాల ఫోను. ముఖాలు చూడాలంటే మనవడు వదిలేసిన పలకలాంటిది ఒకటుంది, అది ఈ పెట్టె వెలిగితేనే పనిచేస్తుంది.

“మాట్లాడలేడమ్మా. చూస్తాడంతే. ఇంకా కళ్ళు తెరుస్తున్నాడట.”

దీపాలక్క కుర్చీ ముందుకు జరిపి నిటారుగా కూర్చుంది.

“పెద్దాయనా, నా మాట వినండి. మీ పెట్టెకేం కాలేదు. లైను తెగింది. తెగింది మావైపు. ఇవాళ రాదు, రేపు కూడా ఒట్టేసి చెప్పలేను. మీరు కుర్చీ ఎక్కకండి. మెట్లు దిగండి. మీ దగ్గర్లో నెట్ ఉన్న ఫోను ఎవరి దగ్గరుంది?”

పక్క సీట్లో పిచ్చుక మాట మధ్యలో ఆగి తల తిప్పి చూసింది.

కింద సెలూను ఉందని ముసలాయన చెప్పాడు. ఆ సెలూను అతను ఎప్పుడు చూసినా ఫోన్లో ఆటలు చూస్తుంటాడు. కానీ అతనికీ తనకూ పడదు. పైనుంచి నీళ్ళు కారుతున్నాయని గొడవై, మాటలు మానేసి చాలా కాలమైంది.

“పడకపోతే పోట్లాడైనా తీసుకోండి,” అంది దీపాలక్క. ఆమె గొంతు ఆ హాలు ఆ చివరిదాకా వినిపించింది. “ఇవ్వనంటే ఆయన కుర్చీలో కూర్చుని లేవకండి. గోడ పట్టుకుని దిగండి. పడేరు.”

ఆ తర్వాత ఆమె ఎవరికీ పెట్టె ఆర్పమని చెప్పలేదు. ఎర్రలైటు అన్నవాళ్ళందరికీ, తీగ తెగింది, తప్పు మాది, ఇవాళ రాదు, మీ దారి మీరు చూసుకోండి అని చెప్పింది. కొందరు తిట్టారు. తిట్లన్నీ పడింది. ఒకడు ఇన్నాళ్ళకు ఒక్కరు మనిషిలా మాట్లాడారని అన్నాడు. దానికీ సరేనంది. గొంతు తగ్గించి చెప్పొచ్చు కదా అన్నట్టు ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె తగ్గించలేదు. ఇంకాస్త పెంచింది.

ఫ్లోరు మేనేజరు వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆమె చేతిలో ఉన్న పిలుపు అయ్యేదాకా ఆగాడు.

“అక్కా, మీ మాటలు పైవాళ్ళు విన్నారు. అందరికీ అదే చెబుతున్నారట.”

“అందరికీ కాదు. ఎర్రలైటున్న వాళ్ళకే.”

అతను వంగి, గొంతు తగ్గించాడు. పొరపాటున నోరు జారానని ఒక్క మాట అంటే చాలు, మిగతాది తను సర్దుకుంటానన్నాడు. ఇన్నేళ్ళు మచ్చ లేకుండా పనిచేసిన మనిషి, ఎవరూ కాదనరన్నాడు.

“నోరు జారలేదు బాబూ. తెలిసే అన్నాను. రేపు కూర్చోబెట్టినా ఇదే అంటాను.”

“నాకూ ఉద్యోగం ఉంది కదక్కా.”

“ఉంది. నీకు చిన్న పిల్ల ఉంది. నాకు తెలుసు. నీ పని నువ్వు చెయ్యి, నన్ను తీసెయ్యి. నీమీద నాకు కోపమొస్తే అడుగు. కానీ ఆ మాట మాత్రం నా నోటితో అనిపించలేవు.”

అతను నుదురు రుద్దుకున్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. అంతలో పిచ్చుక చెక్కమీదుగా చెయ్యి ఊపింది. ఎర్రలైటు సంగతి చెప్పినావిడ కావాలని ఎవరో ముసలాయన పట్టుబడుతున్నాడని సైగ చేసి, ఎవర్నీ అడక్కుండా ఆ పిలుపును ఇటు మళ్ళించింది. ఫ్లోరు మేనేజరు దాన్ని ఆపొచ్చు. అతను కాగితం అంటించిన కిటికీ వైపు తిరిగి, బయట ఏదో కనిపిస్తున్నట్టు నిలబడ్డాడు.

“నేనేనమ్మా,” అన్నాడు ముసలాయన. రోడ్డు చప్పుడు వినిపిస్తోంది. సెలూను అతను గొడవపడలేదట. సగం గీసిన గడ్డంతో ఉన్న మనిషిని అలాగే వదిలేసి, తలుపు దగ్గరికి వేసి, ఫోను తనే పట్టుకున్నాడట. చెయ్యి నొప్పి పుట్టినా దించలేదట.

“వాడు నన్ను చూశాడమ్మా. చూసి, ఒక కనుబొమ్మ ఎగరేశాడు. చిన్నప్పుడు నా వాటా తినేసి అలాగే ఎగరేసేవాడు, దొంగ వెధవ.”

ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

“తర్వాత వెళ్ళిపోయాడు.”

“మీరు చూస్తుండగానా?”

“చూస్తుండగానే.”

ఇలాంటప్పుడు అనాల్సిన మాటలు ఆ హాల్లో ఎవరూ నేర్పలేదు. మెట్లు మెల్లగా ఎక్కమనీ, తోడు ఎవరినైనా పట్టుకోమనీ మాత్రం చెప్పింది. ఆయన సరేనని, పెట్టబోతూ అడిగాడు.

“లైను ఎప్పుడొస్తుందమ్మా?”

“తెలియదండీ.”

“సరే. తెలియదంటే తెలియదనే చెప్పారు. అది చాలు.”

దీపాలక్క హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టింది. పలచబడిన పాపిటను అరచేత్తో సవరించుకుంది. అన్నం డబ్బా, కళ్ళద్దాలు సంచిలో వేసుకుని లేచింది. ఎవరికీ వీడ్కోలు చెప్పలేదు. పిచ్చుక తలమీద మాత్రం ఒక మొట్టికాయ వేసి, మధ్య దారిలోంచి తలెత్తుకుని నడిచి వెళ్ళింది. ముందు వరుసవాళ్ళు తెరల వైపు తిరిగి కూర్చున్నారు. ఒకళ్ళిద్దరు లేచి నిలబడ్డారు. ఫ్లోరు మేనేజరు వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

వీధిలో ఎండ కళ్ళలో పొడిచింది. ఆ వేళప్పుడు ఎండను చూసి ఎన్నేళ్ళయిందో. బస్సుల కోసం నిలబడే చోట నీడ చూసుకుని అత్తకు ఫోన్ చేసింది.

“ఉద్యోగం పోయింది అత్తయ్యా.”

“మానేశావా, మాన్పించారా?”

“రెండూ.”

అవతల టీవీ గొంతు తగ్గింది. “నోరు మూసుకుని వచ్చావా, నాలుగు మాటలని వచ్చావా?”

“అనే వచ్చాను.”

“అయితే ఏడవకు. వచ్చేటప్పుడు పళ్ళపొడి పట్టుకురా, అయిపోయింది.” టీవీ గొంతు మళ్ళీ పెరిగింది.

హాల్లో పిలుపులు తగ్గలేదు. పిచ్చుక తన బల్ల దగ్గర ముందుకు వంగి, జన్మలో ఎన్నడూ లేనంత నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి ఎవరికో చెబుతోంది. “రెండో లైటు ఎర్రగా ఉందా? అయితే ఆర్పకండి. నేను చెప్పేది వినండి.”

ఆమె పక్కన దీపాలక్క ఖాళీ కుర్చీలో, చారల దుప్పటి ముక్కలను అతికించి అత్త కుట్టిచ్చిన చిన్న దిండు ఉండిపోయింది. ఏళ్ళ బరువుకు దాని మధ్యలో గుంటపడింది. ఒక మూల కుట్టు విడిపోయి, అందులోంచి కొంచెం దూది బయటికి వచ్చి, ఏసీ గాలికి కదులుతోంది.