కుడికంటి రంగు

ఆమె కృత్రిమ నేత్రాలు తయారుచేసేది. అందరూ కళ్ళమ్మ అనేవారు. కన్ను పోయినచోట మైనంతో అచ్చు తీసి, ఉన్న కంటిని ఫొటో తీసి, కెమెరా చెప్పిన ప్రకారం రంగులు కలిపేది. అచ్చు వెంట్రుకవాసి తేడా వచ్చినా రెప్ప మూతపడదు. అందుకే కొలతంటే ఆమెకు అంత గురి.

చెక్కపేడు తగిలి కుడికన్ను పోయిన వడ్రంగి ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కొత్త కన్ను అతికినట్టు సరిపోయింది. రెప్ప హాయిగా మూతపడింది. వడ్రంగి అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. భార్య మాత్రం మొహం చిన్నబుచ్చుకుంది.

"ఏమైందండీ?" అని అడిగింది కళ్ళమ్మ.

"ఎవరో పెద్దమనిషి మా ఆయన మొహంలో అద్దెకు దిగినట్టుంది తల్లీ."

కళ్ళమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "రెండు కళ్ళ రంగూ ఒకటేనండీ. కావాలంటే కెమెరాలో చూడండి."

"నేను కాదనట్లేదు. కానీ పెళ్ళైనప్పట్నుంచీ ఆ కళ్ళతోనే పోట్లాడుతున్నాను. నాకు తెలీదా?"

కళ్ళమ్మ ఆలోచనలో పడింది. ఫొటో తీసిన రోజు తెల్లటి దీపం కింద వడ్రంగి బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు. కెమెరా చూసింది ఆ భయపడ్డ కంటినే.

"పోట్లాడేటప్పుడు ఎలా ఉంటుంది ఆ కన్ను?"

"నవ్వాపుకుంటూ ఉంటుంది. అంచున తేనెలా ఏదో తేలుతుంది. అది చూశాక ఇంక తిట్టబుద్ధి కాదు."

కళ్ళమ్మ దీపం ఆర్పేసి, ఇద్దరినీ కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. బయట సన్నగా వాన. బూడిదరంగు వెలుగు గదిలోకి నీళ్ళలా నిండింది.

"ఆయన్ని తిట్టండి," అంది.

"ఊరికే ఎలా తిడతానమ్మా?" అంటూనే భార్య అందుకుంది. ఊళ్ళోవాళ్ళ తలుపులన్నీ బాగుచేసే మనిషికి సొంతింటి తలుపు కిర్రుమంటుంటే వినబడదట. వడ్రంగి తలవంచుకుని, ఎడమకంటితో ఓరగా ఆవిడ వైపు చూశాడు.

తేనె కనబడింది.

కళ్ళమ్మ కృత్రిమ కంటి పైపొర అరగదీసి కుంచె అందుకుంది. వాన చప్పుడూ, కిటికీ పక్కన గొణుగుడూ, రంగుల వాసనా ఒకదానిలో ఒకటి కరిగిపోయాయి. నిద్రలో నడుస్తున్నట్టు ఆమె చెయ్యి దానంతటదే కదిలింది. ఎవరైనా తననలా చూసి ఎన్నాళ్ళయిందో అనిపించి గుండె బరువెక్కింది. ఆ బరువుతోనే అంచున సన్నటి గీత దిద్దింది. కొలతల జోలికి మాత్రం పోలేదు.

మళ్ళీ పైపొర పోసి, మెరుగుపెట్టి, సాయంత్రానికి కన్ను అమర్చింది. వడ్రంగి భార్య వైపు తిరిగాడు. ఆవిడ చప్పున మొహం పక్కకు తిప్పేసుకుంది.

"ఏమే, బాగోలేదా?"

"అలా చూడకండి," అంది ఆవిడ. "ఇంకా తిట్టాల్సింది బోలెడుంది."