నొప్పి లేని గడ్డ

రాజేశ్వరికి క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేసి రెండేళ్లయినా ఆ సంగతి ఇంటి గడప దాటలేదు. హనుమకొండ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపే ఆమె భర్త పాండురంగం, హైదరాబాద్‌లో గర్భసంచి ఆపరేషన్ అయిందని అందరికీ చెప్పాడు. ఇంట్లో అతనికి పెళ్లి కావాల్సిన చెల్లెలుంది మరి; ఆ జబ్బున్న ఇల్లని తెలిస్తే సంబంధాలు రావు. రాజేశ్వరి కూడా అదే మాట చెప్పుకుంటూ, జాకెట్టులో పాత చీరగుడ్డ మడిచి పెట్టుకుని తిరిగేది.

ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఒక పొద్దున, రఘునాథపల్లి నుంచి పెరుగు తెచ్చే యాకమ్మ గంప దించబోయి చెయ్యి లేవక ఆగిపోయింది.

"ఏమైంది యాకమ్మా?"

"రొమ్ముల గడ్డ లేసిందమ్మా. పసరు కడుతున్న."

"నొప్పి ఉన్నదా?"

"లేదు. అందుకే ఫికర్ చేస్తలేను."

రాజేశ్వరిదీ నొప్పి లేని గడ్డే. దవాఖానకు పొమ్మంటే యాకమ్మ తల అడ్డంగా ఊపింది.

"మొగ డాక్టర్‌కు చూపియ్యాలె గదమ్మా. సిగ్గుగాదా?"

రాజేశ్వరి వంటింటి తలుపు గడియ పెట్టి, జాకెట్టు విప్పింది. యాకమ్మ దగ్గరికి జరిగి ఆ కుట్ల మచ్చను చూసింది.

"గర్భసంచి అన్నరు గదమ్మా..."

"అబద్ధం చెప్పినం. నేను గిట్లనే సిగ్గుపడి ఆలస్యం చేసిన. నువ్వు చెయ్యకు."

ఆ రోజే ఇద్దరూ రిక్షాలో దవాఖానకు వెళ్లారు. గడ్డ చంకలోకి పాకిందని డాక్టర్ చెప్పాడు. ఆపరేషనైతే చేశారు గానీ, దీపావళికి ముందే యాకమ్మ పోయింది.

రాజేశ్వరికి అదే ఆలోచన. రోజూ తన గడపలోకి వచ్చిన మనిషి. తను ముందే నిజం చెప్పి ఉంటే, ఆమె ముందే చూపించుకునేదేమో.

కార్తీకంలో ఒకరింటి పేరంటానికి వెళ్లి, పసుపు రాయించుకుంటూనే నోరు విప్పింది. "నాకు తీసేసింది గర్భసంచి గాదు, రొమ్ము. గడ్డ నొప్పి లేకున్నా చూపించుకోండ్రి." పక్కనున్న పెద్దావిడ కొంగు దగ్గరకు లాక్కుని జరిగి కూర్చుంది.

ఆ మాట చెవిన పడి, రాత్రి పాండురంగం కంచం ముందు నుంచి లేచిపోయాడు. "చెల్లెను ఎవడు చేసుకుంటడిగ? జర ఆలోచించినవా?"

"యాకమ్మను ఆలోచించిన" అంది రాజేశ్వరి.

తర్వాత ఆమెను ఎవరూ బొట్టుకు పిలవలేదు. వారం గడిచాక, నాలుగిళ్ల అవతలుండే శారద పెరటి తలుపు తట్టింది. "అక్కా, నాకూ చేతికి ఏదో తగులుతాంది. మా ఆయనకు చెప్పలే."

దవాఖానకు వెళ్లే దారి పొడవునా రాజేశ్వరి ఆమె చెయ్యి వదల్లేదు, మళ్లీ ఆలస్యమైందేమోనన్న భయంతో. శారదది మామూలు గడ్డేనని తేలింది. బయటికొచ్చి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఏడ్చారు.

అంతకుముందు పెళ్లిచూపులకు వచ్చి ఆడబిడ్డను చూసి వెళ్లిన పరకాల వాళ్లు మాత్రం మళ్లీ కబురు పంపలేదు. పాండురంగం చాన్నాళ్లు భార్యతో మాట్లాడలేదు. కానీ పెరటి తలుపు తట్టే ఆడవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, వస్తూనే ఉన్నారు.