రోజుకో మంచి సంగతి

మా ఇంట్లో ముందు చెయ్యి లేస్తుంది, మాట తరవాత వస్తుంది. మా నాన్నకి పాత లారీలు విప్పే షెడ్డు ఉంది. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక రేకుల గోడే అడ్డం. పొద్దున్నించీ సుత్తులతో బాది, గ్యాసు కట్టరుతో కోసి, గడ్డపారలతో పెళ్లగించి, సాయంత్రం ఆ గోడ దాటి లోపలికొస్తే ఒంట్లో ఊపు ఇంకా అలాగే ఉంటుంది. అది ఎవరో ఒకరి మీద తీరాలి. ఇంట్లో ఉండేది నాన్న, అన్నయ్య, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. జబ్బు చేసి పోయింది, మీరనుకుంటున్నట్టు కాదు. ఆ మాట చెప్పినప్పుడల్లా జనం నా మొహంలోకి అదోలా చూస్తారు. చూస్తే చూడనీ.

నాన్న కొట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. బోల్టు కింద పడేస్తే ఒకటి, వంగి తీసిస్తే ఆలస్యం చేశావని ఇంకోటి. నా ఎడం చెవి అలాగే పోయింది. అన్నయ్య ముక్కు కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. నేనూ తక్కువదాన్ని కాదు. వీధి చివర ఒకడు నన్ను చూసి ఈల వేస్తే వాడి సైకిలెత్తి వాడి మీదే పడేశాను. ఆ సాయంత్రం నాన్న నన్ను చూసి మురిసిపోయాడు. అన్నయ్య ఒక్కడే మాలో కలవని మనిషి. నోట్లో నాలుక లేనివాడు. దెబ్బలు తినడమే తప్ప వేయడం తెలీదు.

అలాంటి ఇంటికి వదిన వచ్చింది.

వచ్చిన రోజే, చెప్పులు దారికడ్డంగా విడిచాడని నాన్న అన్నయ్య వీపు మీద ఒక్కటి చరిచాడు. చప్పుడుకి వదిన చేతిలో గ్లాసు కిందపడింది. గాజు ముక్కలు ఏరి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

"మావయ్యా, మీ ఇంటి పద్ధతి మీది. నేను మార్చలేను. కానీ నా మీద ఎవరి చెయ్యి పడినా ఆ పూటే వెళ్లిపోతాను. మళ్లీ రాను. ముందే చెబుతున్నాను, తరవాత నన్ను తప్పు పట్టకండి."

గొంతు ఏమాత్రం పెంచలేదు. అంత మెత్తగా అంత గట్టి మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నాన్న గుడ్లప్పగించి చూసి, "పిల్లకి పొగరుందిరోయ్" అని లోపలికి వెళ్లిపోయాడు.

అప్పట్నించీ నేను నాన్న కుడిచెయ్యి మీద కన్నేసి ఉంచాను. వదిన దగ్గరగా నడిచిందంటే నేనూ పక్కకి చేరేదాన్ని. నాకు వదిన కావాలి. ఎందుకంటే ఎవరూ చెప్పకుండానే నా కుడివైపు కూచుని మాట్లాడేది. మా నాన్నకి తను కొట్టిన చెవి ఏదో కూడా గుర్తుండదు.

వదినవన్నీ చిన్న చిన్న అలవాట్లు. లేవగానే కిటికీలు తీసేది. ఎదురుపడ్డ ప్రతి మనిషినీ "నిద్ర పట్టిందా?" అని అడిగేది. మేం షెడ్డులోంచి వచ్చే వేళకి గుమ్మం దగ్గర వేణ్నీళ్ల బకెట్టు, సబ్బు, పొడి తువ్వాలు పెట్టేది. చేతుల గ్రీజు వదిలేదాకా తోముకుని లోపలికి రమ్మనేది. మొదట్లో నాన్న ఆ బకెట్టుని ఒక్క తన్ను తన్నాడు. వదిన నేల తుడిచి, మర్నాడు మళ్లీ అక్కడే పెట్టింది. మళ్లీ తన్నాడు. మళ్లీ పెట్టింది. ఆఖరికి నాన్నకే కాలు నొప్పెట్టి చేతులు కడుక్కున్నాడు. వేడినీళ్లలో చేతులు ముంచి ఆయన అలా నిలబడిపోవడం నేను చూశాను. కాసేపటిదాకా బయటికి తియ్యలేదు.

తరవాత మొదలైంది భోజనాల దగ్గర అలవాటు. తింటూ ఒక్కొక్కరూ ఆ రోజు జరిగిన మంచి సంగతి ఒకటి చెప్పాలి. ఎంత చిన్నదైనా ఫరవాలేదు.

అంతకుముందు మా ఇంట్లో భోజనాల వేళంటే షెడ్డులో ఏది పాడైందో చెప్పుకునే వేళ. షెడ్డులో పనివాళ్ల ముందు సామాను బాగాలేదంటే నాన్నకి తల తీసేసినట్టుండేది. అందుకని అన్నయ్య అన్నం తినేటప్పుడు చెప్పేవాడు. జాకీ కారుతోందనో, కట్టరు గొట్టం చిరిగిందనో. నాన్న పళ్లెం విసిరేవాడు, అన్నయ్యని నాలుగు తగిలించేవాడు, పొద్దున్నే తనే వెళ్లి దాన్ని బాగు చేయించేవాడు. కూర గోడ మీద ఉండేది గానీ షెడ్డులో ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

మంచి సంగతి చెప్పమంటే మొదటిరోజు నాన్న పగలబడి నవ్వాడు. నెల తిరక్కుండా దానికి బానిసైపోయాడు. అయితే మా నాన్న ఏది పట్టుకున్నా పీక పట్టుకున్నట్టే. షెడ్డులో పనివాళ్ల కాలరు పట్టి లేపి, "ఒరేయ్, ఇవాళ నీకు జరిగిన మంచేంట్రా?" అని అడగడం మొదలెట్టాడు. కట్టరు పట్టే మేస్త్రి కాళ్లు గాల్లో ఆడుతుండగానే, "ఇప్పటిదాకా మీరు నన్ను కొట్టలేదండీ" అన్నాడు. నాన్న పొట్ట పట్టుకుని నవ్వి, ఆ నవ్వులోనే అతన్ని ఒక్కటిచ్చాడు. ఒకరోజు నాకు ఏమీ తోచక "ఏం లేదు" అన్నానని చెంబు విసిరాడు. కనుబొమ్మ చిట్లింది. నెత్తురు కారుతుంటే, "ఇవాళ ఎండ బాగా కాసింది" అని అరిచాను. "అదీ! అలా చెప్పాలి" అని నాన్న అన్నం కలుపుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వదిన మాత్రం నా గాయం తుడుస్తూ, "కొంచెం ఓపిక పట్టు అమ్మాయ్. ఆయనకి చేతకావడం లేదు, నేర్చుకుంటున్నారు" అంది.

నిజంగానే నేర్చుకున్నాడు. అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది. విసరడాలు తగ్గాయి. గోడకి సున్నం వేయించాడు. రోజంతా మంచి సంగతి కోసం వెతుక్కుంటూ తిరిగేవాడు. షెడ్డు రేకు మీద పావురం గుడ్లు పెట్టిందని ఒకరోజు, ఎవరో ముసలావిడ దారిచ్చినందుకు చెయ్యెత్తి దీవించిందని ఇంకోరోజు. చెబుతున్నప్పుడు ఆయన గొంతు సన్నబడేది. ఆ వేళ కోసం నేనూ ఎదురుచూసేదాన్ని. ఇక వదినకి భయం లేదనుకున్నాను.

లారీల్లోంచి ఇంజను పైకెత్తడానికి మా షెడ్డులో ఒక చైను పుల్లీ వేలాడుతూ ఉంటుంది. ఒక సాయంత్రం అన్నయ్య దాని గొలుసులో ఒక లంకె నోరు తెరుచుకుని ఉండటం చూశాడట. గుమ్మం దగ్గర చేతులు కడుక్కుంటూ వదినతో చెప్పాడట, భోజనాల దగ్గర నాన్నకి చెబుతానని. ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఆ పూట నాకు తెలిసిందల్లా నాన్న పళ్లెం ముందు కూచుని చాలాసేపు అన్నం ముట్టుకోకపోవడం.

"నా సంగతి ముందు చెబుతా" అన్నాడు నాన్న. చెవులు ఎర్రబడ్డాయి. "ఇవాళ పొద్దున్నించీ నేనెవర్నీ కొట్టలేదు."

నేను లెక్కేసుకుని చూశాను. నిజమే. మేస్త్రి సిలిండరు కాలి మీద పడేసుకున్నప్పుడు కూడా నాన్న చెయ్యి లేచి, మళ్లీ దిగిపోయింది. వదిన కళ్లు తుడుచుకుంది. నాన్న ఆ చెయ్యి చాచి నా తల మీద పెట్టాడు. ఆ చెయ్యి అంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలీదు. అన్నయ్య నోరు తెరవబోతే వదిన అతని మోకాలు నొక్కింది. అన్నయ్య, "ఇవాళ నీళ్లు సరిగ్గా వేడిగా ఉన్నాయి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్ద లారీ ఇంజను ఎత్తాల్సి వచ్చింది. అన్నయ్య చెబుదామని వెళ్లేసరికి నాన్న పాత నాన్నయిపోయి, పనివాడి మెడ పట్టుకుని ఇంజనుకేసి నొక్కుతున్నాడు. అన్నయ్య వెనక్కి తగ్గాడు. ఇంజను లారీ చట్రం మీంచి లేచింది. ఒకవైపు బిగుసుకుంటే నాన్న బూటుకాలితో దాన్ని తన్నాడు. గొలుసు తుపాకీ పేలినట్టు తెగింది. తెగిన కొస విసురుగా వచ్చి మేస్త్రి దవడ చీల్చుకుంటూ పోయింది. ఇంజను నాన్న కాలి మీద పడింది.

నాన్న అరవలేదు. ఎముకలు నలిగిన చప్పుడు మాత్రం నా మంచి చెవిలో పడింది. నేను గడ్డపార దూర్చి మీద పడ్డాను, పనివాళ్లంతా నా మీద పడ్డారు. ఇంజను బెత్తెడు లేచింది. బూటు నేలకి అంటుకుపోయి ఉంది, అందులో పాదం ఉన్నట్టు లేదు. అన్నయ్య నాన్న చంకల కింద చేతులేసి లాగుతుంటే ఆయన వెనక్కి తిరిగి వాడి మొహం మీద ఒక్కటి గుద్దాడు. నెత్తురు కారే ముక్కుతోనే అన్నయ్య ఆయన్ని మోసుకుపోయాడు. ఆసుపత్రిలో పాదం చీలమండ పైదాకా తీసేశారు.

నాన్నని ఇంటికి తెచ్చిన మధ్యాహ్నం కిటికీ పక్క మంచం వేశాం. చేతికర్ర తలాపున ఆనించాం. వదిన పళ్లెం తెచ్చింది. నాన్న దాన్ని పక్కకి నెట్టాడు.

"ఆ గొలుసు ఒక్కరోజులో పాడయ్యేది కాదు. ఎవరూ చూళ్లేదా?"

అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను నిజంగానే ఎరగను, అన్నయ్య వంక చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

"చూశారు మావయ్యా" అంది వదిన. "ముందురోజే మీ అబ్బాయి చూశారు. అన్నం దగ్గర చెబుతానన్నారు. మీరు అంత సంతోషంగా ఉన్నారని నేనే ఆపాను. పొద్దున చెబుదురు గానిలెండి అన్నాను. తప్పు నాది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాన్న కుడిచెయ్యి దుప్పటి మీంచి లేచింది. నేను ఒక్క అంగలో మంచానికీ వదినకీ మధ్య నిలబడ్డాను. కొట్టనీ, ముందు నా మీద పడాలి అనుకున్నాను. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. నాన్న దాన్ని చూసుకున్నాడు. మెల్లిగా దించి, లేని పాదం వైపు దుప్పటి సర్దుకున్నాడు.

"అన్నం ఇలా ఇవ్వమ్మా" అన్నాడు.

నా గుండె కుదుటపడింది. సరిగ్గా అప్పుడే నా వెనక చెంప పగిలిన చప్పుడైంది.

తిరిగి చూస్తే వదిన గోడకి జారగిలపడి ఉంది. అన్నయ్య చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఇన్నాళ్లూ నేను నాన్న చేతికి కాపలా కాశాను. ఈ మెత్తని మనిషికి చేతులున్నాయనే నాకు తట్టలేదు.

"నాన్న కొట్టేస్తాడని..." అన్నయ్య నత్తి నత్తిగా అంటున్నాడు. "నేను కొట్టేస్తే నాన్న ఊరుకుంటాడని..."

ఇక నాకేమీ వినపడలేదు. చేతికర్ర నా చేతికెలా వచ్చిందో తెలీదు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మోకాలి మీద. కూలబడ్డాక జుట్టు పట్టుకుని మొహం నేలకేసి కొట్టాను. పన్ను ఊడింది. కర్ర విరిగింది. విరిగిన ముక్కతో కొట్టాను. అన్నయ్య చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. కొడుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెబితే సిగ్గు. ఒంట్లో ఏదో కట్ట తెగి పారుతున్నట్టుంది. మంచం మీంచి నాన్న, "ఇంకోటెయ్యవే! కీళ్లు ఊడగొట్టు వెధవని!" అని అరుస్తున్నాడు.

"ఆపండి" అంది వదిన. ఎవరితో అందో నాకు తెలీలేదు. గొంతు ఏమాత్రం పెంచలేదు.

వదిన లోపలికి వెళ్లి సంచీ సర్దుకుంది. నాన్న ఒంటికాలి మీద లేవబోయి మంచం పట్టె మీద పడ్డాడు. "తల్లీ, వాణ్ని పంపించేస్తానే, నువ్వుండవే" అని ఏడ్చాడు. ఆయన ఏడవడం అదే మొదటిసారి చూశాను. వదిన ఆయన్ని లేపి కూచోబెట్టి, నీళ్ల చెంబు అందే చోట పెట్టింది. అన్నయ్య పక్కన తడిగుడ్డ ఉంచింది. వదిన చెంప మీద నాలుగు వేళ్లూ తేలి ఉన్నాయి.

నేను గుమ్మం దాకా వెంట పరిగెత్తాను. "నేనూ వస్తాను వదినా. నిన్ను కొట్టినవాడి పని పట్టాను, చూశావుగా. ఇంకెవడైనా నీ జోలికొస్తే చంపేస్తాను" అన్నాను. నాకు రొప్పు తగ్గలేదు. సంచీ బరువుగా ఉంది, పట్టీ తెగేలా ఉంది. నేను అందుకుందామని చెయ్యి ఎత్తాను.

వదిన సంచీ వదిలేసి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.