జాకీలు దించిన రోజు

గద్వాలలో విత్తనాల కంపెనీ ఒకటి పెద్ద ఆఫీసు కడుతోంది. కింద లారీలు అడ్డం లేకుండా తిరగాలని, నడుమ స్తంభాలే వద్దన్నారు. అందుకని పై రెండంతస్తులనూ ఇనుప కడ్డీలతో పైకప్పు దూలాలకు వేలాడగట్టారు. ఇన్నాళ్లూ వాటిని కింది నుంచి జాకీలు మోశాయి. ఆ రోజు జాకీలు దించితే బరువంతా కడ్డీల మీదికి పోతుంది.

సైటు ఇంజనీరు వసంత పొద్దున్నే వచ్చి నక్షాను మళ్లీ మళ్లీ చూసుకుంది. ఇట్లాంటి కట్టడం ఆమె చదువుకున్నదే గాని ఎన్నడూ చేసింది కాదు.

మేస్త్రీ మద్దిలేటి మనుషులు నడిమి నుంచి మొదలుపెట్టి జాకీలన్నిటినీ కొంచెం కొంచెంగా దించుతున్నారు. వసంత పైన ఒక్కో కడ్డీనీ పట్టి చూస్తోంది. అన్నీ బిగుసుకున్నాయి. తూర్పు మూలది మాత్రం చేతిలో ఊగింది. దాని పక్కది కిర్రుమంది.

"ఆపుండ్రి! అందరు బయటికి పోండ్రి!" అని అరుస్తూ మెట్లు దిగింది.

కాంట్రాక్టరు తిమ్మప్ప ఎదురొచ్చాడు. "ఎల్లుండి ఓపెనింగమ్మా. ఒక్క కడ్డీకే గింత పరేషానా? తక్కినయి మొయ్యవా?"

"ఇది మొయ్యకుంటే పక్కది రెండింటి బరువు మోస్తది. అది తెగితే దాని పక్కది. ముందు ఆ మూల జాకీలు మళ్ల బిగియ్యాలె."

బిగించాలంటే ఎవరో ఆ స్లాబు కిందికి పోవాలి. కూలీలు కదల్లేదు. వాళ్లను పొమ్మనడానికి వసంతకు నోరు రాలేదు. తనే నడిచింది.

"ఆగుండ్రి మేడం, ఒక్కరే తిప్పలేరు," అంటూ మద్దిలేటి వెంటొచ్చాడు.

ఇద్దరూ జాకీలు తిప్పుతుంటే నెత్తిన సిమెంటు పొడి రాలింది. మద్దిలేటి ఏదో గొణుక్కుంటున్నాడు, దేవుణ్నో, తిమ్మప్పనో. చివరికి జాకీలు స్లాబును గట్టిగా పట్టుకున్నాయి.

పైకప్పు మీదికెక్కి చూస్తే ఆ కడ్డీ నట్టు దూలానికి ఆనలేదు. మధ్యలో వేలు దూరేంత సందు. కడ్డీలు ఎక్కించిన నాడు బిగించమని చెప్పి పోయిందే గాని, బిగించారో లేదో వసంత ఎక్కి చూడలేదు. తనూ చూసుకోనందుకు తిమ్మప్ప కూడా తల దించుకున్నాడు.

ఆ నట్టు బిగింపించి, తక్కిన నట్లన్నీ ఒక్కొక్కటీ తనే పట్టి చూసుకుంది. మధ్యాహ్నం జాకీలు మళ్లీ దించారు. స్లాబు వెంట్రుకంత దిగి నిలబడిపోయింది. ఈసారి ఏ కడ్డీ ఊగలేదు.

వసంత ఇసుక కుప్ప మీద కూలబడింది. మద్దిలేటి నీళ్ల చెంబు చేతికిచ్చాడు.

"ఇంకొకటి గిట్ల కడ్తరా మేడం?"

"తెల్వదన్నా," అంది వసంత. సగం నీళ్లు తాగి, తలెత్తి మళ్లీ తూర్పు మూల వైపు చూసింది.