మిషను మాట

1954లో జీవిత బీమా కోసం ఓబుళరెడ్డి ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బయలుదేరితే, బతికున్న మనిషి చావు గురించి ఒప్పందమేందని భార్య గురమ్మ బస్సెక్కేదాకా పోట్లాడింది. అయినా వెంట వచ్చింది.

కంపెనీ డాక్టరు కొత్తగా తెప్పించిన రక్తపోటు మిషను పట్టీని రెడ్డి చేతికి చుట్టి గాలి కొట్టాడు. పాదరసం పైపైకి పోయింది. మళ్లీ చూసినా అంతే.

"ఇంత పోటుంటే కంపెనీ పాలసీ ఇయ్యదమ్మా. ఎన్నాళ్లుంటాడో చెప్పలేం."

రెడ్డి చొక్కా చేయి దించుకుంటూ నవ్వాడు. "నీ మాటే నెగ్గింది. పోదాం పా."

గురమ్మ కదల్లేదు. డాక్టరుకు చేతులు జోడించింది.

"చచ్చినాక వచ్చే ఆ దుడ్లు మాకొద్దు సామీ. మీరు కట్టమన్నంత కడతాం. ఈయప్పకు పాలసీ ఇస్తామని ఒక్క మాట చెప్పు."